ఆదివారపు బడికి ఉచిత ఛాయాపటములు



ఆదివారపు బడిలో పటము చూపి పాఠము చెప్పు వాడుక క్రొత్తది కాదు. మన తాతల కాలమున తెలుగు దేశపు పల్లెలలో మిషనరీలు చీకటి పడిన తరువాత చెట్టు క్రింద తెల్లని దుప్పటి కట్టి, మాయదీపము వెలిగించి, గాజు పలకల మీది చిత్రములు దానిపై పడునట్లు చూపెడివారు. ఆ పలకలు ఓడలమీద వచ్చెడివి. ఒకటి పగిలినయెడల మరియొకటి చేరుటకు నెలలు పట్టెడిది. పిమ్మట బట్టకు అంటించిన రంగు పటముల చుట్టలును, పిల్లల చేతికిచ్చు చిన్న కార్డులును వచ్చినవి. ఆ కార్డుకొరకే వానలో తడిసి బడికి వచ్చిన పిల్లలలో కొందరు నేడు మన పేటలలో అవ్వలును తాతలునై యున్నారు.

ఇప్పుడు తోటపని ముగించుకొని వచ్చిన తండ్రి జేబులోని ఫోనులో, ఆ మిషనరీలు తమ జీవితకాలమంతటిలో చూడనన్ని పటములు దొరకుచున్నవి. శనివారము రాత్రి ఉపాధ్యాయురాలు తప్పిపోయిన గొఱ్ఱె పాఠమునకు బొమ్మ కావలెనని వెదకినయెడల, రెప్పపాటులో వందలు వచ్చి నిలుచును. నచ్చినదానిని తీసికొని అచ్చువేసి పంచును. సంఘపు పేజీలోను పెట్టును. ఎవరును అడ్డము రారు. అందుచేత అది ఉచితమని అందరును తలంచుచున్నారు. ఈ తలంపును గూర్చియు, నిజముగా ఉచితమైన పటములు దొరకు చోటులను గూర్చియు, కడపట మన బిడ్డల పటములను గూర్చియు ఈ నెల వ్రాయబూనితిమి.

బాట ప్రక్క తోటలో పండ్లు పండి వ్రేలాడుచున్నవి. చూచుటకు ఎవరి సెలవును అక్కరలేదు. కోసికొనుటకు అక్కర కలదు. తోటలలో బ్రతుకు మనకు ఈ భేదమును వేరొకరు నేర్పనక్కరలేదు. ఇంటర్‌నెట్టులోని పటము కూడ అట్టిదే. అది కనబడుట వేరు, దానిని వాడుకొనుటకు సెలవుండుట వేరు.

న్యూజీలండులో 1994వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రకారము, ఛాయాపటము తీసినవాడు జీవించినంత కాలమును, అతడు మరణించిన పిమ్మట 50 సంవత్సరములును ఆ పటముమీది హక్కు నిలిచియుండును. క్రింద పేరు వ్రాయకపోయినను, గుర్తు పెట్టకపోయినను హక్కు ఉండనే యుండును; పొలము దస్తావేజువలె దానిని రిజిస్టరు చేయింపనక్కరలేదు. ఐరోపా సమాఖ్యతో న్యూజీలండు చేసికొన్న వర్తకపు ఒడంబడిక 2024 మే 1వ తేదీన అమలులోనికి వచ్చెను. దానిలో ఈ 50 సంవత్సరములను 70కి పెంచుటకు ఈ దేశము సమ్మతించియున్నది. మన హిందూదేశములో ఆ గడువు 60 సంవత్సరములు. ఈ లెక్కలన్నిటిని ఉపాధ్యాయులు వల్లె వేయవలెనని మేము చెప్పుటలేదు. ఈ దేశమున 1944 జనవరి 1వ తేదీకి ముందు తీసిన ఛాయాపటములకు హక్కు తీరిపోయినదని జ్ఞాపకముంచుకొనిన చాలును. ఆ పాత పటములలో మనకు పనికివచ్చునవి ఎన్నియో కలవని క్రింద చూడగలరు.

సంఘపు పండుగకు ఫోటోగ్రాఫరును డబ్బిచ్చి పిలిచినయెడల, వేరుగా ఒప్పందము లేనంతవరకు, ఆ పటముల హక్కు ఈ దేశపు చట్టము ప్రకారము డబ్బిచ్చి తీయించుకొన్నవారిదే. ఇది చాలమందికి తెలియదు. స్నేహముచేత ఊరకనే తీసియిచ్చిన తమ్ముని పటములు మాత్రము ఆ తమ్మునివే. వానిని అచ్చువేయుటకు ముందు అతని నడుగవలెను. కీర్తనల మాటలను తెరమీద చూపుటకు సంఘము రుసుము కట్టి పొందిన అనుమతి పటములకు చెల్లునని కొందరు అనుకొనుచున్నారు. అది పాటల సంగతి, పటముల సంగతి వేరు.

అయితే, హక్కుదారులే ముందుకు వచ్చి, వాడుకొనుడని సెలవిచ్చిన పటములు లక్షలకొలది యున్నవి. ఇట్టి సెలవును అందరికి తెలియు రీతిగా వ్రాసి పెట్టుటకై అమెరికాలో 2001లో క్రియేటివ్ కామన్స్ అను సంస్థ ఏర్పడి, 2002 డిసెంబరులో మొదటి లైసెన్సులను ప్రకటించెను. పటము క్రింద ‘సీసీ’ అను రెండక్షరములు కనబడినయెడల, వాని ప్రక్కనున్న అక్షరములను కూడ చదువవలెను. ‘బై’ అని యున్నయెడల తీసినవాని పేరు చెప్పి వాడుకొనవచ్చును. ‘ఎస్.ఏ.’ అని యున్నయెడల, మనము మార్చి పంచినదానిని ఇతరులకు కూడ అదే సెలవుతో ఇయ్యవలెను. ‘ఎన్.డీ.’ అనగా మార్చి పంచరాదు. పటములోని మనిషిని కత్తిరించి మరియొక బొమ్మకు అతికించుట తగదు. ‘ఎన్.సీ.’ అనగా లాభమునకై వాడరాదు. బడిలో చూపుటకు ఈ షరతు సాధారణముగా అడ్డము రాదు గాని, స్త్రీల సమాజమువారు మందిర నిధికై క్యాలెండరు అచ్చువేసి అమ్మదలచినప్పుడు ఇట్టి పటమును విడిచిపెట్టుటయే మేలు. ‘సీసీ సున్న’ అని యున్నచో ఏ షరతును లేదు. గూగుల్‌లో బొమ్మలు వెదకునప్పుడు, వాడుక హక్కులను చూపు మీటను నొక్కి, క్రియేటివ్ కామన్స్ పటములను మాత్రమే చూపుమని అడుగుటకు వీలు కలదు. మన ఉపాధ్యాయులలో ఎక్కువమంది ఆ మీటను ఎన్నడును ముట్టియుండరు.

రొట్టె, దీపము, గోధుమ వెన్ను, సముద్రము, ఆకాశము, ఆవగింజ వంటి సామాన్య వస్తువుల పటములకు పిక్సబే, పెక్సెల్స్, అన్‌స్ప్లాష్ అను చోటులు చాలును. వీనిలో మొదటి రెండును జర్మనీలో 2010లోను 2014లోను, మూడవది కెనడాలోని మాంట్రియల్ పట్టణమున 2013లోను ఆరంభమైనవి. తీసినవాని పేరు వ్రాయుట అక్కడ విధి కాదు; వ్రాయుట మర్యాద. కాని బైబిలు కథలకు ఈ చోటులు అంతగా పనికిరావు. యేసు అని వెదకినయెడల పచ్చని జుట్టు, నీలి కన్నులుగల దొరయే ఎక్కువగా కనబడును. ఇప్పుడు యంత్రముచేత, అనగా కృత్రిమ మేధచేత, కల్పింపబడిన బొమ్మలును నిజమైన ఛాయాపటములతో కలిసిపోయి వచ్చుచున్నవి. చేతికి ఆరు వ్రేళ్లుండుట, అక్షరములవలె కనబడుచు ఏ భాషకును చెందని గీతలుండుట, వీనిని గుర్తుపట్టుటకు సాధనములు; నానాటికి ఆ గుర్తులును తగ్గుచున్నవి. ఇది యెరూషలేము అని పిల్లలకు చూపిన పట్టణము లోకములో ఎక్కడను లేని పట్టణమైనచో, చెప్పిన పాఠమునకు విలువ యేమి? ఊరి పేరు, తీసిన సంవత్సరము, తీసినవాని పేరు లేని పటమును నిజస్థలపు పటమని చూపకుండుట మంచిది.

బైబిలు కథలకొరకే యున్న చోటులలో ఫ్రీ బైబిల్ ఇమేజెస్ అనునది మొదట చెప్పదగినది. ఇంగ్లండులోని ఒక ధర్మసంస్థ దీనిని నడుపుచున్నది. ఒక్కొక్క కథకు వరుసగా పది, పదిహేను, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ పటములు కూర్చియుంచిరి. వానిని విడివిడిగా గాని, తెరమీద చూపుటకు తగిన పవర్‌పాయింటు రూపమున గాని రుసుము లేక తీసికొనవచ్చును. ఒక్కొక్క కథమాలకు వేర్వేరు షరతులున్నవి గనుక ఆ పుట అడుగున వ్రాసియున్నది చదువవలెను. అమెరికాలోని స్వీట్ పబ్లిషింగ్ వారు జిమ్ పాడ్జెట్ అను చిత్రకారుడు వేసిన బైబిలు బొమ్మలను ‘బై, ఎస్.ఏ.’ సెలవుతో లోకమునకు విడిచిపెట్టిరి. ఆ బొమ్మలు వికీమీడియా కామన్స్‌లోను ఉన్నవి. ఇవి ఛాయాపటములు కావు, చేతితో వేసిన చిత్రములు. అయినను తెలుగులో కథ వ్రాసి, చిన్న పుస్తకముగా కట్టుకొనుటకు ఇంతకంటె నిశ్చింతయైన సెలవు గల బొమ్మలు మాకు కనబడలేదు.

లూమో అను పేరుతో నాలుగు సువార్తలను మొరాకో దేశమున చలనచిత్రములుగా తీసిరి. వానినుండి ఎత్తిన పటములు కూడ పైన చెప్పిన ఫ్రీ బైబిల్ ఇమేజెస్‌లో దొరకును. అందు ప్రభువు పాత్రను ధరించిన సెల్వా రాసలింగం అను నటుడు తమిళ వంశమునకు సంబంధించిన ఇంగ్లండువాడు. ఆ ముఖము చూచినప్పుడు మన పిల్లలు “ఈయన మనవారివలె ఉన్నాడే” అని అనక మానరు. యూదయ దేశపు వడ్రంగి కుమారుడు ఎండలో నడచినవాడేగాని, మంచు దేశపువాడు కాడు గదా!

ఇప్పుడు మేము అన్నిటికంటె ఎక్కువగా ప్రేమించు పటముల సంగతి చెప్పెదము. “నా ప్రాణమునకు సమాధానమే” అను భావముగల ఆంగ్ల కీర్తనను వ్రాసిన హొరేషియో స్పాఫర్డ్ గారి కథను మీలో చాలమంది వినియున్నారు. 1873లో విల్ ద్యు హావ్ర్ అను ఓడ అట్లాంటిక్ సముద్రమున మునిగినప్పుడు ఆయన నలుగురు కుమార్తెలు చనిపోయిరి. భార్య అన్నాగారు మాత్రము బ్రతికిరి. ఆ కథ ప్రసంగములలో అక్కడనే ఆగిపోవును. తరువాత జరిగినది కొద్దిమందికే తెలియును. 1881లో ఆ దంపతులు కొందరు స్నేహితులతోకూడ షికాగో పట్టణము విడిచి యెరూషలేమునకు వెళ్లి, అక్కడ కాపురముండిరి. వారి కూటమునకు అమెరికన్ కాలనీ అని పేరు వచ్చెను. హొరేషియోగారు 1888లో ఆ పట్టణముననే మరణించిరి. ఆ కూటమువారు 1898 ప్రాంతమున ఒక ఛాయాపటశాలను పెట్టుకొని, పరిశుద్ధ దేశములోని కొండలను, బావులను, కళ్లములను, కాపరులను, బేరగాండ్రను దశాబ్దములపాటు పటములుగా తీసిరి. 1915లో మిడుతలదండు పాలస్తీనామీద పడి పచ్చదనమంతయు తినివేసినప్పుడు, వారు దాని ప్రతి దశను కెమెరాతో పట్టిరి. యోవేలు గ్రంథము చెప్పునప్పుడు గాని, ఐగుప్తు తెగుళ్లను చెప్పునప్పుడు గాని, ఆ పటములు చూపినచో ఉపాధ్యాయుడు గొంతు పెంచనక్కరలేదు. అంజూరపు చెట్టు మిడుతలకు ముందు ఎట్లున్నదో, తరువాత ఎట్లున్నదో చూచిన పిల్లవాడు తానే నోరు తెరచును.

ఆ శాలను తరువాత నడిపిన ఎరిక్ మాట్సన్ గారు 1946లో అమెరికాకు పోయి, 1966లో తన యొద్దనున్న పటముల మూలములను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అను అమెరికా జాతీయ గ్రంథాలయమునకు దానము చేసిరి. అవి ఇరువదివేలకు మించియున్నవి. మాట్సన్ సేకరణ అని వెదకినయెడల కనబడును. ప్రచురించుటకు తెలిసిన అడ్డంకులేవియు లేవని గ్రంథాలయమువారే వ్రాసియున్నారు.

ఈ పటములు న్యూజీలండులోని మన పిల్లలకు ఎందుకు కావలెనో ఒక దృష్టాంతముచేత చెప్పెదము. ఈ దేశమున గొఱ్ఱెలను చూడని బిడ్డ లేడు. అయితే ఇక్కడి గొఱ్ఱెలకాపరి మోటారు బండిమీదనో, గుఱ్ఱముమీదనో వెనుకనుండి వచ్చును. కుక్కలు మొరిగి మందను ముందుకు తరుమును. యోహాను సువార్త 10వ అధ్యాయములోని కాపరి గొఱ్ఱెలకు ముందుగా నడచును; అవి ఆయన స్వరము గుర్తెరిగి వెనుక వచ్చును. కుక్కలచేత తరుమబడు మందను చూచి పెరిగిన బిడ్డకు ఈ మాట ఎట్లు తెలియును? దేవుడు తన్ను వెనుకనుండి అదలించి తోలువాడని అనుకొనును. ఇట్లు అనుకొను పిల్లలు గలరని బడి నడుపువారు ఎరుగుదురు. పాలస్తీనా కొండబాటలో కర్ర పట్టుకొని ముందు నడచు కాపరిని, వెనుక వరుసగా వచ్చు గొఱ్ఱెలను చూపు పాత పటమును ఒక్కటి చూపిన చాలును. తెలుగు దేశమున గొల్లల మందలు చూచిన అవ్వ ఆ గదిలో నున్నయెడల, మిగిలిన పాఠము ఆమెయే చెప్పును. ఆమెను చెప్పనీయుడి.

ఇక ఈ దేశపు సొంత భాండాగారములు. వెల్లింగ్టన్‌లోని తే పాపా వస్తుశాల 2014లో ముప్పదివేలకు మించిన పటములను పెద్ద పరిమాణమున ఉచితముగా తీసికొనుటకు తెరచెను. వానిలో సగమునకు మించినవాటికి తెలిసిన కాపీరైటు అడ్డంకులు లేవు. తక్కినవి లాభమునకు వాడకుండ, మార్చకుండ తీసికొనవలసినవి. నాటినుండి ఆ సంఖ్య పెరుగుచునే యున్నది. జాతీయ గ్రంథాలయమువారు 2008లో ఆరంభించిన డిజిటల్‌ఎన్‌జెడ్ అను వెదకుడు స్థానములో ఈ దేశపు వస్తుశాలలు, గ్రంథాలయములు మొదలగువాని పటములను ఒక్కచోట వెదకవచ్చును. ఏవి పంచుకొనదగినవి, ఏవి మార్చదగినవి అని విడదీసి చూపుమని అడుగవచ్చును. ఓడలు, తుఫానులు, పక్షులు, పాత దేవాలయములు, కొండలు, ఇట్టి వాటికి ఇంతకంటె మంచి చోటు వెదకనక్కరలేదు.

ఫీజీనుండి వచ్చిన మన కుటుంబములవారు తే పాపాలో మరియొకటి చూడదగినది కలదు. డునీడిన్ పట్టణమున బర్టన్ సోదరులని ఛాయాపటముల వ్యాపారులుండిరి. వారిలో ఆల్‌ఫ్రెడ్ బర్టన్ 1884లో ఓడయెక్కి ఫీజీ, సమోవా, టోంగా దీవులు తిరిగి పటములు తీసెను. అప్పటికి ఒప్పందపు కూలీల మొదటి ఓడ ఫీజీకి వచ్చి అయిదేండ్లయినది. మద్రాసునుండి మన తెలుగువారు, అరవలు ఓడలెక్కుట 1903లో ఆరంభమైనది గనుక ఆ పటములలో మనవారిని వెదకనక్కరలేదు. కాని మనవారు వచ్చి దిగిన దేశము ఎట్లుండెనో వానిలో కొంత కనబడును. నిర్గమకాండము చెప్పు దినమున, మన ముత్తాతలు ఏ సముద్రము దాటి ఏ నేలమీద దిగిరో ఒక పటము చూపి ఆరంభింపవచ్చును గదా.

ఈ దీవుల పాత పటములను చూచునప్పుడు మనస్సును కలచు సంగతి యొకటి. గవర్నరు పటము క్రింద ఆయన పేరు, బిరుదులు, తేదీ ఉండును. మిషనరీ పటము క్రింద ఆయన పేరును ఆయన దొరసాని పేరును ఉండును. చెరకు తోటలో నిలువబెట్టి తీసిన మన స్త్రీల పటముల క్రింద చాలచోట్ల ‘కూలీలు’ అనియే యుండును. ఆమె యెవరు? ఏ ఊరినుండి వచ్చెను? చంకనున్న బిడ్డ బ్రతికెనా? పటము తీయుటకు ఆమె ఒప్పుకొనెనా? అడిగినవారు లేరు. ఆ పటములు నేడు లోకమంతటికి ఉచితము. మనము వానిని మన బిడ్డలకు చూపవచ్చును, చూపవలెను. కాని ఇప్పుడు కెమెరా మన చేతిలో నున్నది.

మన పిల్లలను మనమే పటములు తీయుట ఇప్పుడు ప్రతి ఆదివారము జరుగుచున్నది. క్రిస్మసు నాటకము, బహుమతులు, వేసవి బైబిలు బడి, అన్నియు ఆ సాయంకాలమే లోకము చూచును. దేశములో నున్న అవ్వతాతలు చూచి సంతోషింతురనుట నిజమే. అయినను కొన్ని సంగతులు తెలిసికొని చేయవలెను.

న్యూజీలండులో 2020వ సంవత్సరపు ప్రైవసీ చట్టము ఆ యేడు డిసెంబరు 1వ తేదీన అమలులోనికి వచ్చెను. ఒకని ముఖము తెలియునట్లు తీసిన పటము అతనిని గూర్చిన సమాచారమే. తల్లిదండ్రులు తమ ఇంటి ముచ్చటకై తీసికొను పటములు సాధారణముగా ఈ చట్టము క్రిందికి రావు గాని, సంఘము తన పనికై తీసినవి వచ్చును. ఎందుకు తీయుచున్నారో, ఎవరు చూతురో ముందుగా చెప్పవలెననియు, తీయు విధము న్యాయముగా ఉండవలెననియు ఆ చట్టము చెప్పుచున్నది; మరియు, పిల్లలనుండి సమాచారము తీసికొనునప్పుడు ఆ న్యాయమును విశేషముగా చూడవలెనని అందు స్పష్టముగా వ్రాసియున్నది.

కాగితము మీద సంతకము తీసికొనినయెడల సరిపోవునని కొన్ని సంఘములవారి తలంపు. మాకు అంత నిశ్చయము లేదు. మన పేటలలో ఉపాధ్యాయుడు అడిగినచో కాదను తల్లి యెక్కడ? తెలియని ఆంగ్లములో వ్రాసిన కాగితముమీద, పంతులుగారు చూపిన చోట, చదువక వ్రాలు చేయును. అది సమ్మతి కాదు, మర్యాద. కాబట్టి కాగితము తెలుగులో నుండవలెను. గదిగోడకు అంటించుటకు, మన ఈ పత్రికలో వేయుటకు, ఇంటర్‌నెట్టులో పెట్టుటకు, ఈ మూడింటికి వేర్వేరుగా ‘సరే’, ‘వద్దు’ అని గుర్తు పెట్టు చోటుండవలెను. దానిని ఇంటికి పంపి, ఒక వారము గడువిచ్చి, మరియొకరి ద్వారా తిరిగి తీసికొనినయెడల, ‘వద్దు’ అని వ్రాయుటకు ఆ తల్లికి ధైర్యము కలుగును. పిల్లవానిని కూడ అడుగవలెను. పదేండ్ల పిల్లకు తన పటము ఎవరు చూడవలెనో ఒక అభిప్రాయముండును.

‘వద్దు’ అనువారిని కారణమడుగరాదు. కోపిష్ఠియైన భర్తనుండి తప్పించుకొని, పిల్లలతో మరియొక ఊరికి వచ్చి, ఏ తోటలో పని చేయుచున్నదో ఎవరికిని తెలియనీయక బ్రతుకు స్త్రీలు అన్ని జాతులలోను గలరు. నాటకములో దేవదూత వేషము వేసిన ఆమె బిడ్డ పటము, వెనుక మందిరపు పేరు కనబడునట్లు లోకమున పెట్టినయెడల, ఆ దాగుచోటును మనమే చూపినవారమగుదుము. ఫోనుతో తీసిన పటము లోపల, తీసిన స్థలమును తెలుపు అంకెలు కంటికి కనబడకుండ చేరియుండవచ్చును. ఫోనులోని కెమెరా అమరికలలో స్థలము వ్రాయు మీటను ఆపివేసి తీయుట మేలు. బిడ్డ పటము క్రింద పూర్తి పేరు, పాఠశాల పేరు వ్రాయరాదు. ఆ పాత పటములలోని పేరులేని స్త్రీలకొరకు దుఃఖించిన మనమే ఇప్పుడు పేరు వ్రాయవద్దనుచున్నామని ఎవరైన ఆక్షేపింపవచ్చును. పేరు వ్రాసి సంఘపు పుస్తకములో భద్రముగా ఉంచుడి: ఎవరు, ఎవరి బిడ్డ, ఏ ఊరివారు, ఏ దినము, అన్నియు. యాబది యేండ్ల తరువాత అది వెలగల పుస్తకమగును. లోకమునకు చూపు పటము వేరు.

ముఖము లేకుండ పటము తీయుటయు ఒక విద్యయే. బొమ్మకు రంగు వేయుచున్న చేతులు, వాకిట వరుసగా విడిచిన చిన్న చెప్పులు, వెనుకనుండి చూచిన కొవ్వొత్తుల వరుస, వీనిలో బడి అంతయు కనబడును; బిడ్డ యెవరో తెలియదు. కిటికీ వెలుగు ప్రక్కనుండి పడునట్లు నిలుచుండి తీసినయెడల ఫోనుతోనే మంచి పటములు వచ్చును. ట్యూబులైటు క్రింద ముఖములు పాలిపోవును. పిల్లల పటములు తీయునప్పుడు మోకాళ్లూని వారి కంటి యెత్తున తీయుడి. నిలుచుండి పైనుండి తీసినచో అందరును నేరస్థులవలె కనబడుదురు.

మన తోటలే పాఠ్యపుస్తకమని మరచితిమి. యోహాను సువార్త 15వ అధ్యాయములోని ద్రాక్షావల్లి పాఠమునకు పరదేశపు పటమేల? తే పూకే పరిసరములలో కివీ తీగెలు కత్తిరించు చేతులు మనవి కావా? ఆ తీగెలకును సువార్తకును ఒక బాంధవ్యము కలదు. చైనా దేశపు యీచాంగ్‌లోని స్కాట్లండు సంఘపు మిషనులో ఒక సహోదరి పనిచేయుచుండగా, ఆమె అక్కచెల్లెలగు ఇసబెల్ ఫ్రేజర్ గారు, వాంగనూయి బాలికల కళాశాలకు ప్రధానోపాధ్యాయిని, ఆమెను చూడబోయి, 1904లో తిరిగివచ్చునప్పుడు ఈ పండు గింజలను తెచ్చిరి. అలెగ్జాండర్ అల్లిసన్ అను తోటమాలి వానిని మొలిపించెను. 1910లో మొదటి కాపు వచ్చెను. ‘చైనా గూస్‌బెరీ’ అని పిలువబడుచుండిన ఆ పండునకు 1959లో వర్తకులు కివీఫ్రూటు అని పేరు పెట్టిరి. ఒక ఉపాధ్యాయిని చేతిసంచిలోని గింజలనుండి పుట్టిన తోటలలో మనము నేడు కూలి సంపాదించుకొనుచున్నాము.

జూను మొదలు ఆగస్టు వరకు జరుగు కత్తిరింపులో, ఒకే తీగెను మూడు మారులు పటము తీయుడి: కోయకముందు, కోసి తీగెలకు కట్టిన తరువాత, నవంబరులో పూత వచ్చినప్పుడు. కోసి పడవేసిన కొమ్మల కుప్పను ఒకటి తీయుడి. కోయబడుట శిక్ష కాదనియు, విడిచిపెట్టబడిన తీగె అడవియగుననియు ఆ పటములే చెప్పును. వానికి తోడు తండ్రి తన కత్తెరను బడికి తెచ్చి, ఏ కొమ్మను ఉంచవలెనో ఏ కొమ్మను తీయవలెనో చూపినచో, అట్టి వ్యాఖ్యానము ఏ గ్రంథములోను దొరకదు. తోట యజమానిని, మేస్త్రీని ముందు అడుగుడి. 2010 నవంబరులో తే పూకేలో పీఎస్ఏ అను తెగులు బయలుపడినది మొదలు, ఒక తోటనుండి మరియొక తోటకు బూట్లు, పనిముట్లు కడుగక పోవుట అపాయకరము. పటము కొరకు పొరుగు తోటలోనికి దూరవద్దు.

ఈ దేశపు అనేక గ్రంథాలయములలో ఇంటర్‌నెట్టు ఉచితము గనుక, పటములను అక్కడ తీసికొని ఫోనులో గాని చిన్న పెన్‌డ్రైవులో గాని దాచుకొనినయెడల డేటా ఖర్చు తప్పును. ఆదివారము సిగ్నలు లేకపోయినను పాఠము ఆగదు. తీసికొన్న దినముననే ఒక నోటుపుస్తకములో పటము పేరు, తీసినవాని పేరు, దొరకిన చోటు, సెలవు ఎట్టిదో వ్రాసికొనుడి. ఆరు నెలలకు మరల వెదకినయెడల ఆ పుట కనబడకపోవచ్చును. ప్రొజెక్టరు లేని పేటలవారికి ఏ-4 కాగితముమీద అచ్చువేసి ప్లాస్టికు పూత పూయించిన పటములే చాలును. ఇరువది పటములైనచో ఒక సంవత్సరపు పాఠములకు సగము వచ్చును, మరియు వానిని ప్రక్క పేటవారితో మార్చుకొనవచ్చును. తెలుగు సమ్మతి కాగితపు నకలు కావలసినవారు తమ పేట ఉపదేశిగారిని అడుగవలెను. తీగె పటములు పంపదలచినవారు కత్తిరింపు ముగియకముందే మొదటి పటము తీసికొనవలెను.